అయస్కాంతపు పొరలు - గణితపు చేట

మన కొండపల్లెలలో చోళ్ళు నూర్చిన పిమ్మట తల్లులు చేటతో చెరిగి పొల్లును వేఱుచేయుదురు. ప్రతి గింజను చేతబట్టి పరీక్షింప నెవరికిని తీరిక యుండదు. నేటి శాస్త్రజ్ఞులును క్రొత్త పదార్థములను వెదకుట కిట్టి చేటనే వాడుచున్నారు. ఆ చేట గణితము. దానిని గూర్చి విద్యార్థులకు కొంచెము తెలుపుచున్నాము.

వా రేమి వెదకుచున్నారు? కంప్యూటరులో లెక్కలు చేయునది సిలికాను అను అర్ధవాహకము. అనగా విద్యుత్తును మన యిచ్ఛకొలది పోనిచ్చుటకును ఆపుటకును వీలైనది. ఆ లెక్కలను దాచు డిస్కు అయస్కాంత పదార్థముతో చేయబడును. ఎలక్ట్రానునకు విద్యుదావేశమే గాక, అయస్కాంతత్వమునకు మూలమగు స్పిన్ అను గుణమును గలదు. ఈ రెండు గుణములను గూర్చి వాడుకొను విద్యయే స్పింట్రానిక్స్. ఒకే పదార్థము అర్ధవాహకమును అయస్కాంతమును అయినచో, లెక్కించుటయు దాచుటయు నొక్కచోటనే జరుగవచ్చును. అది అభ్రకపు రేకువలె ఊడి ఒంటిపొరయై నిలిచినచో మఱియు మేలు. ఏలయన, అంత పలుచని పొర అయస్కాంతత్వమును విద్యుత్తుతో మార్చుట సులభము.

2017లో క్రోమియం అయొడైడు ఒంటిపొరగా నున్నను అయస్కాంతమే యని ప్రయోగమువలన తేలెను. కాని సున్నకు దిగువ 228 డిగ్రీల సెంటిగ్రేడు చలిలోగాని దాని కా గుణము నిలువదు. మన గదుల వేడిమిలో నిలుచునది కావలెను.

2018లో స్విట్జర్లండునందలి లోసాన్ నగర శాస్త్రజ్ఞులు తమ సహచరులతో గూడి 1,08,423 పదార్థములను కంప్యూటరుతో చెరిగిరి. పొరలుగా నున్నవి 5,619, ఊడదీయదగినవి 1,825. వీనిలో సులభముగా నూడు 258 పొరలయందు ఎలక్ట్రాను లెట్లు కుదురుకొనునో క్వాంటము సూత్రములతో లెక్కింపగా, 56 అయస్కాంత క్రమము గలవిగా గనబడెను.

ఇట్టి లెక్కలకు స్ఫటికముల సౌష్ఠవము గొప్ప సాయము. ఒక మూల తెలిసినచో తక్కిన మూలలును తెలియును గనుక శ్రమ తగ్గును. ఈ విద్యకు మన విశాఖపట్టణముతో పూర్వసంబంధము గలదు. సూరి భగవంతముగారును, టి. వెంకటరాయుడుగారును సౌష్ఠవమును వివరించు సమూహ సిద్ధాంతముపై వ్రాసిన గ్రంథము 1948లో వాల్తేరు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునుండి వెలువడెను. పిమ్మట భగవంతముగారు అయస్కాంత స్ఫటికముల సౌష్ఠవమును గూర్చియు పరిశోధించిరి.

అయినను, చేటలో నిలిచిన ప్రతి గింజయు మొలకెత్తదు. లెక్క మెచ్చిన పదార్థమును చేసి చూచినగాని నిజము తేలదు. క్రోమియం అయొడైడు గాలి తగిలిన చెడిపోవును. వేడిమికిని గాలికిని ఓర్చు ఒంటిపొరకై వెదకులాట సాగుచున్నది. “గణిత మెందులకు?” అని మన బాలబాలికలు మమ్మడుగుచుందురు. ఈ చేటను చూపుటయే మా సమాధానము.