చేతులు మాట్లాడే చోటికి మనం అతిథులం

హైదరాబాదు పాతబస్తీలోని యాకుత్‌పురా పేరు మీలో చాలామంది వినే ఉంటారు. యాకుత్ అంటే కెంపు. ఒకప్పుడు ఈ నగరం చుట్టూ పెద్ద గోడ ఉండేది. ఆ గోడకున్న 13 దర్వాజాలలో యాకుత్‌పురా దర్వాజా ఒకటి. దర్వాజా పోయింది, పేరు మిగిలింది. ఇప్పుడు అక్కడ ఆ పేరుతో ఒక రైల్వే స్టేషను కూడా ఉంది.

ఆ స్టేషనులో కాసేపు నిలబడ్డారనుకోండి. ఫలక్‌నుమా వైపు వెళ్ళే లోకల్ రైలు కూత వేసుకుంటూ వస్తుంది. కబుర్లు చెప్పుకుంటున్న వాళ్ళందరూ ఆ చప్పుడు తగ్గేదాకా నోరు మూసుకుని ఆగవలసిందే. అక్కడే ఇద్దరు బధిరులు కూడా నిలబడి ఉంటే? వాళ్ళ సంభాషణ ఒక్క క్షణమైనా ఆగదు. ఒకరు రైలెక్కి కిటికీ పక్కన కూర్చున్నా ఆగదు. రైలు కదిలి, చూపు ఆనినంత దూరం వెళ్ళేవరకు సాగుతూనే ఉంటుంది. ఇప్పుడు చెప్పండి, ఆ కాసేపు అక్కడ మాట అందనిది ఎవరికి?

అదే దారిలో రెండో దిక్కుకు వెళితే దబీర్‌పురా తర్వాత మలక్‌పేట వస్తుంది. అక్కడ బధిర విద్యార్థుల కోసం ప్రభుత్వ పాఠశాల ఉంది. అలాంటి పాఠశాలల్లోనూ, బధిరుల సంఘాల్లోనూ, సెలవు రోజుల్లో వాళ్ళు కలుసుకునే చోట్లలోనూ చేతులు మాట్లాడతాయి, కళ్ళు వింటాయి. అలాంటి చోటికి చెవులు వినబడేవాళ్ళు వెళ్ళవచ్చా? వెళితే ఎలా మెలగాలి? దీనికి జవాబు తెలియాలంటే ముందు కొంత విజ్ఞానశాస్త్రం తెలియాలి. మీలో బధిర విద్యార్థులు ఉంటే, చదవడం అయ్యాక ఈ వ్యాసాన్ని మీ స్నేహితుల చేతికివ్వండి.

అద్దం ముందు ఒక ప్రయోగం

అద్దం ముందు నిలబడి గొంతు బయటికి రాకుండా మూడు మాటలు పలకండి: పాట, బాట, మాట. మీ పెదవులను గమనించండి. తేడా ఏమైనా కనిపించిందా? ఇప్పుడు మీ స్నేహితుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, ఈ మూడింటిలో ఏదో ఒకటి గొంతు లేకుండా పలకమనండి. ఏ మాటో మీరు చెప్పాలి. పదిసార్లు ప్రయత్నించండి. ఎక్కువసార్లు మీరు ఊహ మీదే ఆధారపడవలసి వస్తుంది.

ఎందుకంటే ప, బ, మ అనే మూడింటికీ పెదవులు ఒకేలా మూసుకుని తెరుచుకుంటాయి. ‘బ’కు స్వరతంత్రులు కంపిస్తాయి. ‘మ’కు గాలి ముక్కులోంచి పోతుంది. తేడా అంతా గొంతులోనూ ముక్కులోనూ ఉంది, అది బయటికి కనిపించదు. ఇక క, గ లాంటి అక్షరాలు పుట్టేదే నోటి లోపల, నాలుక వెనుక భాగాన. కాబట్టి పెదవులు చూసి మాట గ్రహించడమంటే సగం అక్షరాలు చెరిగిపోయిన ఉత్తరం చదవడం వంటిది. బధిరులు ఆ పని కూడా చేస్తారు. కానీ రోజంతా చేస్తే ఎంత అలసటో మీకు పదిసార్లకే తెలిసి ఉంటుంది.

ఇప్పుడు ఒక ఇంట్లో రాత్రి భోజనాల వేళను ఊహించండి. ఆరుగురు తింటూ మాట్లాడుకుంటున్నారు. అందరూ ఒక్కసారిగా నవ్వారు. ఏడో మనిషికి వినబడదు. “ఏమైంది?” అని అడిగితే, “ఏమీ లేదులే, తర్వాత చెబుతా” అన్నారు. ఆ ‘తర్వాత’ చాలాసార్లు రాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం మనదేశంలో వినికిడి లోపం ఉన్నవారు 50 లక్షలకు పైగా ఉన్నారు. తమ ఇంట్లోనే ఆ ఏడో మనిషి అయినవాళ్ళు వారిలో ఎందరో! అలాంటి మనిషి బధిరుల మధ్యకు వచ్చినప్పుడు ప్రతి మాటా అందుతుంది. నవ్వితే అందరితో కలిసి నవ్వవచ్చు. వాళ్ళకు అలాంటి చోటు ఎందుకు అంత విలువైనదో ఇప్పుడు అర్థమైందా?

సైగలు వేరు, భాష వేరు

దాహమేస్తే బొటనవేలు నోటివైపు చూపిస్తాం. అది సైగ. సంజ్ఞా భాష అంటే ఇలాంటి సైగల మూట అని చాలామంది అనుకుంటారు. పండితులు కూడా చాలాకాలం అలాగే అనుకున్నారు. అమెరికాలో బధిరుల కోసం 1864లో వెలసిన గాలొడెట్ కళాశాలలో విలియం స్టోకీ అనే ఇంగ్లీషు అధ్యాపకుడు ఉండేవాడు. ఆయనకు చెవులు వినబడేవి. తన విద్యార్థుల చేతులను ఆయన శ్రద్ధగా గమనించాడు. మన మాటలు అక్షరాలుగా విడిపోయినట్లే ఒక్కో సంజ్ఞ కూడా చేతి ఆకారం, చేతి స్థానం, కదలిక అనే భాగాలుగా విడిపోతుందని 1960లో చూపించాడు. 1965లో ఆయన అమెరికన్ సంజ్ఞా భాషకు నిఘంటువు వెలువరించాడు. ఆ పనిలో ఆయనకు తోడుగా నిలిచిన డొరొతీ కాస్టర్‌లైన్, కార్ల్ క్రోనెబర్గ్ ఇద్దరూ బధిరులే. అతిథిగా వచ్చినవాడు ఇంటివాళ్ళ దగ్గర నేర్చుకుంటే ఎంత మేలు జరుగుతుందో చూశారా!

మనదేశం సంగతి చూద్దాం. హిమాచల్ ప్రదేశ్ ప్రాంతంలో పుట్టి, చిన్నతనంలో వినికిడి కోల్పోయిన మదన్ వశిష్ఠ, వినగలిగిన జేమ్స్ వుడ్‌వర్డ్‌తో కలిసి 1970ల చివర ఢిల్లీ, కలకత్తా, బొంబాయి, బెంగుళూరు నగరాల బధిరుల సంజ్ఞలను పరిశీలించారు. అవి ఒకదానికొకటి సంబంధం ఉన్నవని తేలింది. కరాచీ బధిరుల సంజ్ఞలు కూడా వీటికి చుట్టాలేనని 1993లో వుడ్‌వర్డ్ ప్రకటించారు. పాతబస్తీలో ఒక ఇంట ఉర్దూ, మరో ఇంట తెలుగు వినిపిస్తాయి. ఆ రెండిళ్ళ బధిర పిల్లలు బడిలో కలుసుకుంటే వాళ్ళకు దుబాసీ అక్కరలేదు. చేతుల భాష ఇద్దరిదీ ఒకటే.

ఈ భాషకు సొంత వ్యాకరణం ఉంది. “ఎక్కడికి వెళుతున్నావు?” అని మనం ప్రశ్నతో మొదలుపెడతాం. భారతీయ సంజ్ఞా భాషలో ‘ఎక్కడ’ అనే సంజ్ఞ చివరికి వస్తుంది. అవునా కాదా అని అడగాలంటే కనుబొమలు పైకి లేస్తాయి. అంటే ముఖం కూడా వాక్యంలో భాగమే. మరో విశేషం: మాట్లాడే భాషను నడిపించే మెదడు ఎడమ భాగమే సంజ్ఞా భాషనూ నడిపిస్తుందని పోయిజ్నర్, క్లైమా, బెల్లూజీ అనే శాస్త్రజ్ఞులు 1987లో చూపించారు. మెదడుకు కావలసింది భాష. అది చెవి ద్వారా వచ్చినా, కంటి ద్వారా వచ్చినా దానికి సమ్మతమే.

వాళ్ళకు ఎందుకా జంకు?

వినగలవాళ్ళు కొత్తగా వస్తే బధిరులలో కొందరు జంకుతారు. దానికి కారణం చరిత్రలో ఉంది. 1880లో ఇటలీలోని మిలాన్ నగరంలో బధిరుల విద్య గురించి ఒక అంతర్జాతీయ సభ జరిగింది. బడుల్లో నోటిమాటే నేర్పాలి, సంజ్ఞలు వద్దు అని ఆ సభ తీర్మానించింది. అక్కడి 164 మంది ప్రతినిధుల్లో బధిరుడు ఒకే ఒక్కడు! ఆ తర్వాత ఎన్నో దేశాల బడుల్లో పిల్లలు చేతులు కదిపితే శిక్షించారు. బధిర ఉపాధ్యాయులు ఉద్యోగాలు కోల్పోయారు. 130 ఏళ్ళ తర్వాత, 2010లో కెనడాలోని వాంకూవర్‌లో జరిగిన అదే వరుస సభ ఆ తీర్మానాలను తోసిపుచ్చింది.

గాలొడెట్ సంగతే చూడండి. 1988 మార్చి వరకు, అంటే 124 ఏళ్ళపాటు, దానికి బధిరుడైన అధ్యక్షుడు ఒక్కరూ లేరు. మరోసారి వినగల వ్యక్తినే నియమించేసరికి విద్యార్థులు తలుపులు మూసి వారం రోజులు ఉద్యమించారు. చివరికి కింగ్ జోర్డన్ అనే బధిర ఆచార్యుడు అధ్యక్షుడయ్యాడు. అతిథులుగా వచ్చినవాళ్ళు యజమానులైపోతారేమోనన్న భయం ఊరికే పుట్టలేదు మరి.

అయినా తలుపు ఎందుకు తీస్తారు?

పుట్టుకతో బధిరులైన పిల్లల్లో అత్యధికులు వినగల తల్లిదండ్రులకే పుడతారు. అమెరికా లెక్కల్లో వీరు నూటికి 90 మంది కంటే ఎక్కువ. అంటే బధిరుల సంఘంలోకి రాబోయే రేపటి తరం ఈ రోజు వినగలవాళ్ళ ఇళ్ళలోనే పెరుగుతోంది.

భాష నేర్వడానికి మొదటి ఐదేళ్ళూ చాలా విలువైనవి. ఆ వయసులో ఏ భాషా పూర్తిగా అందకపోతే తర్వాత చదువు, ఆలోచన, స్నేహం అన్నీ కష్టమవుతాయి. వినికిడి యంత్రాలు, కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్స ఎందరికో ఉపయోగపడుతున్నాయి. కానీ అందరికీ ఒకే ఫలితం రాదు. సంజ్ఞలు మాత్రం కళ్ళున్న శిశువుకు మొదటి రోజునుంచే అందుతాయి. సంజ్ఞా భాష వాడే తల్లిదండ్రుల ఇంట పుట్టిన బధిర శిశువులు, మన పిల్లలు నోటితో ‘త్తత్త’ అన్నట్లే, చేతివేళ్ళతో ముద్దుపలుకులు పలుకుతారని 1991లో పెటిటో, మారెంటెట్ అనే పరిశోధకులు ప్రకటించారు. అయితే వినగల తల్లికి ఆ భాష ఎవరు నేర్పాలి? తెలిసినవాళ్ళే నేర్పాలి. అందుకే ఎన్నో బధిర సంఘాలు జంకు పక్కన పెట్టి వినగలవాళ్ళను లోపలికి పిలుస్తున్నాయి.

ఇరువైపులా చేతులు కలిస్తే ఏమవుతుందో చూడాలంటే మన హిందూపురానికి దగ్గరలోనే, కర్ణాటకలోని అలీపూర్ ఉంది. అక్కడ వంశపారంపర్యంగా బధిరత్వం ఎక్కువ. సుమారు 150 మంది బధిరులున్నారు. ఆ ఊళ్ళో సొంతంగా ఒక సంజ్ఞా భాష పుట్టింది. ఊరి వినగలవాళ్ళలో కూడా చాలామంది దాన్ని వాడతారు. ఆ భాషను పరిశోధించిన శిబాజీ పండా స్వయంగా బధిరుడు. అలీపూర్‌లో దుకాణానికి వెళ్ళిన బధిరుడు చీటీ రాసి చూపనక్కరలేదు, బేరమంతా చేతులతోనే ఆడవచ్చు.

అతిథి మర్యాదలు

తెలుగులో “చెవిటివాడి ముందు శంఖం ఊదినట్లు” అనే సామెత ఉంది. ఇంతవరకు చదివాక మీకే తోస్తుంది: ఆ సామెతలో తెలివితక్కువ పని చేసింది శంఖం ఊదినవాడే! మరి మనం ఏం చేయాలి?

పిలవాలంటే భుజం మీద మెల్లగా తట్టండి, లేదా కంటికి కనిపించేలా చేయి ఊపండి. గదిలో అందరినీ పిలవాలంటే దీపం ఒకటి రెండుసార్లు ఆర్పి వెలిగిస్తారు. చెక్క నేల అయితే కాలితో తడతారు. ఆ కంపనం పాదాలకు తెలుస్తుంది.

కిటికీకి వీపు పెట్టి నిలబడకండి. వెనకనుంచి వెలుగు వస్తే మీ ముఖం, చేతులు నల్లటి నీడల్లా కనిపిస్తాయి. గుండ్రంగా కూర్చుంటే అందరికీ అందరూ కనిపిస్తారు.

ఇద్దరు మాట్లాడుకుంటుండగా మధ్యలోంచి వెళ్ళవలసి వస్తే ఆగకుండా చకచకా దాటండి. అక్కడే నిలబడి పదే పదే క్షమాపణ చెప్పుకుంటే వాళ్ళ మాటకు అంతసేపూ అడ్డే.

దుభాషి ఉంటే దుభాషితో కాక, బధిర వ్యక్తి వైపు చూసి మాట్లాడండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది: వినగల అతిథులు ఇద్దరు కలిస్తే నోటితో ముచ్చట్లు మొదలుపెడతారు. అలా చేశారంటే భోజనాల దగ్గరి ఆ ‘ఏడో మనిషి’ బాధను వాళ్ళ సొంత చోటికే తీసుకొచ్చినట్లు. తెలిసిన నాలుగు సంజ్ఞలే వాడండి, రానివి కాగితం మీద రాయండి. బయట ఎవరో తలుపు తట్టిన చప్పుడు మీకు వినబడితే అది అందరికీ చెప్పండి.

చప్పట్లు కొట్టాలనిపిస్తే రెండు చేతులూ పైకెత్తి వేళ్ళు ఆడించండి. ఇక మీకొక సంజ్ఞా నామం కావాలని తొందరపడకండి. మిమ్మల్ని బాగా ఎరిగాక వాళ్ళే ఒకటి పెడతారు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2015లో ఢిల్లీలో ఏర్పడింది. 2018లో 3,000 పదాలతో మొదలైన దాని వీడియో నిఘంటువు 2021 నాటికి 10,000 పదాలకు చేరింది. హైదరాబాదులో పుట్టిన అలీ యావర్ జంగ్ పేరుతో 1983లో బొంబాయిలో వెలసిన జాతీయ వినికిడి సంస్థకు సికింద్రాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఏటా సెప్టెంబరు 23 అంతర్జాతీయ సంజ్ఞా భాషల దినం. ఆ రోజున మీ బడికి ఒక బధిర అతిథిని పిలిచి పాఠం చెప్పమని అడగవచ్చు. నిఘంటువులో చూసి నేర్చుకున్నవి సరిగా ఉన్నాయో లేదో చెప్పగలిగేది వాళ్ళే. బధిరుల సమావేశానికి మీరు వెళ్ళాలనుకుంటే ముందుగా అడిగి, వాళ్ళు రమ్మన్నప్పుడే వెళ్ళండి.

మీ వీధిలో వినబడని చిన్నపాప ఉందేమో కనుక్కోండి. ఉంటే ఈ నెలలో పది సంజ్ఞలు నేర్చుకోండి: అన్నం, నీళ్ళు, ఆట, బడి, అమ్మ, ఎక్కడ, ఎవరు, ఎందుకు, రేపు, స్నేహం. వాటితో ఆ పాపను పలకరించండి. ఆ పాప తల్లికి కూడా అవి చూపించండి.