రక్తములోని వారసత్వము

శిశువు పుట్టిన యింటికి చూడవచ్చిన ముత్తైదువలు మొట్టమొదట ముచ్చటించుకొనునది పోలికలను గూర్చియే. ముక్కు తండ్రిదనియు, నుదురు అమ్మమ్మదనియు, చేతివ్రేళ్లు మేనత్తవనియు పంచిపెట్టుదురు. పోలిక మంచిదైనచో ఇరువైపులవారును తమదే యని చెప్పుకొందురు. కాని బిడ్డ తఱచుగా జబ్బుపడినప్పుడు మాత్రము ఆ పంపకము మాఱిపోవును. "మా వంశములో ఇట్టిది లేదు, ఇది కోడలి పుట్టింటినుండి వచ్చినది" అను మాట పుట్టును. ఆ మాట ఎందఱు తల్లుల మనస్సులను కోసినదో లెక్కలేదు. అది న్యాయమైన మాటయేనా? ఈ ప్రశ్నకు నేటి జీవశాస్త్రము స్పష్టమైన యుత్తర మిచ్చుచున్నది. ఆ యుత్తరము బోధపడవలెనన్న, ఒక్క బిడ్డను మాత్రమే గాక, ఒక జనసముదాయము తరతరములుగా నెట్లు మాఱుచు వచ్చుచున్నదో కొంచెము తెలిసికొనవలెను.

మన శరీరము ఎట్లు నిర్మింపబడవలెనో తెలుపు సూక్ష్మమైన యాజ్ఞలు మన కణములలో గలవు. వానికి జన్యువులని పేరు. సామాన్యముగా ప్రతి జన్యువును మనయందు జంటగా నుండును. ఒకటి తల్లి యిచ్చినది, రెండవది తండ్రి యిచ్చినది. మనము బిడ్డకిచ్చునది ఆ జంటలో నొక్కటి మాత్రమే. ఏది పోవునో మన చేతిలో లేదు. జంటలో నొకటి పైకి కనబడి, రెండవది దాగియుండవచ్చును. దాగినది నశింపదు, మనుమలయందో, మునిమనుమలయందో మరల బయలుపడును. నేటి చెక్ దేశములోని బ్రనో పట్టణమున ఒక మఠమునందుండిన గ్రెగర్ మెండెల్ అను సన్యాసి, బఠానీ మొక్కలను ఓపికతో పెంచి, లెక్కించి, ఈ నియమమును 1866లో ప్రకటించెను.

మార్పునకు నాలుగు త్రోవలు

ఏ మనుష్యుడును తన యిచ్ఛవచ్చినట్లు తన జన్యువులను మార్చి బిడ్డ కియ్యజాలడు. మాఱునది సముదాయము; అనగా, ఏ జన్యువు ఎందఱియందున్నదను లెక్క. ఈ లెక్క మాఱుటకు ముఖ్యముగా నాలుగు త్రోవలు గలవు.

మొదటిది వ్రాతతప్పు. పాటల పుస్తకమును ఒకరి యొద్దనుండి మఱియొకరు వ్రాసికొనునప్పుడు ఎక్కడనో ఒక యక్షరము మాఱును. పిమ్మట దానిని చూచి వ్రాసికొనువారందఱును ఆ మాఱిన యక్షరమునే వ్రాసికొందురు. జన్యువులకు నకళ్లు తయారగునప్పుడును ఇట్లే జరుగును. దీనిని ఉత్పరివర్తన మందురు. ఇది ఒకప్పుడు కీడు, అరుదుగా మేలు చేయును; పెక్కుమాఱులు ఏమియు చేయదు.

రెండవది జల్లెడ. బ్రదికి బిడ్డలను కనుటకు తోడ్పడు జన్యువు తరువాతి తరమున ఎక్కువమందికి చేరును. అడ్డుపడునది తక్కువమందికి చేరును. ఛార్లెస్ డార్విన్ 1859లో వెలువరించిన గ్రంథమున విపులముగా చెప్పిన ప్రకృతివరణ మిదియే.

మూడవది కాకతాళీయము. పలు రంగుల గింజలు కలిసిన గంపనుండి ఒక్క పిడికెడు తీసి చల్లినచో, గంపలో అరుదైన రంగు పిడికిటిలో ఎక్కువగా పడవచ్చును, లేదా పూర్తిగా తప్పిపోవచ్చును. అందు గింజ గొప్పతనము గాని లోపము గాని లేదు. చిన్న సముదాయములలో ఈ ప్రభావము మిక్కిలి యెక్కువ.

నాలుగవది కలయిక. వలసలచేతను, వివాహములచేతను ఒక సముదాయపు జన్యువులు మఱియొక సముదాయమున ప్రవేశించును. దూరపు సంబంధము చేసికొన్న ప్రతి కోడలును, ప్రతి యల్లుడును ఈ పని చేసినవారే.

మన్యపు జ్వరమును, కొడవలి కణమును

ఈ నాలుగింటిలో మొదటి రెండును కలిసి చేసిన పనికి మన దేశముననే యొక దృష్టాంతము గలదు. అది కొడవలి కణ వ్యాధి. సికిల్ సెల్ అని వైద్యులు పిలుచునది. 1910లో అమెరికాయందలి చికాగో నగరమున జేమ్స్ హెరిక్ అను వైద్యుడు, గ్రెనడా ద్వీపమునుండి దంతవైద్యము చదువవచ్చిన యొక యువకుని రక్తమున, గుండ్రముగా నుండవలసిన ఎఱ్ఱకణములు కొడవలివలె వంగియుండుటను వర్ణించెను. రక్తమునకు ఎఱుపు నిచ్చు హీమోగ్లోబిన్ నిర్మాణముననే ఈ భేదము గలదని 1949లో లైనస్ పౌలింగును, అతని సహచరులును చూపిరి. కొలదికాలమునకే వెర్నన్ ఇన్‌గ్రామ్ ఆ భేద మెంత స్వల్పమో కనుగొనెను. ఆ పదార్థములోని యొక గొలుసును 146 పూసల దండ యనుకొన్నచో, అందు ఆఱవ పూస యొక్కటి మాత్రమే మాఱినది! ఆ యొక్క పూస మాఱుటచేత కణములు బిరుసెక్కి, సన్నని రక్తనాళములలో చిక్కుకొనును. ఎముకలలోను, కడుపులోను భరింపరాని నొప్పి, రక్తహీనత, పసితనమున అంటురోగములు దానివలన కలుగును.

ఈ జన్యువు జంటగా నున్నవారికే వ్యాధి. ఒకటి మాత్రమే యున్నవారు సామాన్యముగా ఆరోగ్యవంతులై, తమయందది యున్నదనియే యెఱుగక జీవింతురు. వారిని వాహకులందురు.

ఇక్కడ నొక సందేహము పొడమును. ఇంత కీడుచేయు జన్యువును ప్రకృతి తన జల్లెడతో ఏల పాఱవేయలేదు? దీనికి సమాధానము మలేరియాలో నున్నది. ఆ జ్వరము దోమకాటువలన వ్యాపించునను రహస్యమునకు మొదటి యాధారము మన సికింద్రాబాదులోనే దొరకినది. 1897 ఆగష్టు 20వ తేదీని రోనాల్డు రాస్ అక్కడ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచెను. అటుపిమ్మట 1954లో ఆంథొనీ ఆలిసన్ అను వైద్యుడు, తూర్పు ఆఫ్రికాలో మలేరియా మెండుగా నున్న తావులలోనే కొడవలి జన్యువు మెండుగా నున్నదనియు, వాహకులైన పిల్లలకు మలేరియానుండి రక్షణ గలదనియు ప్రకటించెను. మలేరియా క్రిమి చొచ్చిన వాహకుని కణము త్వరగా వంగిపోవును; క్రిమి వృద్ధిపొందకమునుపే శరీరము దానిని తొలగించును.

అనగా ఒకే జన్యువు ఒకరికి కవచము, మఱియొకరికి శిక్ష. మన్యపు జ్వరము పిల్లలను బలిగొను అడవులలో వాహకులైన పిల్లలు బ్రదికి పెద్దవారై, ఆ జన్యువును తమ బిడ్డల కిచ్చిరి. మన దేశమున దీనిని 1952లో నీలగిరి కొండలలోని గిరిజనులయందు తొలుత గుర్తించిరి. మధ్యభారతమునను, ఆదిలాబాదు అడవులలోను, విశాఖ మన్యమునను గూడ ఇది కలదు. కొడవలి జన్యువు వారి పూర్వుల పాపము గాదు. మలేరియాను జయించి బ్రదికినందులకు గుర్తు.

జల్లెడ చేయు జాప్యము

ఒక లెక్క చూతము. ఒక సముదాయములో ఈ జన్యువు పదింట నొకవంతుగా నున్నదనుకొందము. హార్డీ అను గణితజ్ఞుడును, వైన్‌బర్గ్ అను వైద్యుడును 1908లో వేర్వేఱుగా చెప్పిన సూత్రముచొప్పున, పుట్టిన నూర్గురు బిడ్డలలో 81 మందికి ఈ జన్యువు ఉండదు. 18 మంది వాహకులు. ఒక్కరు మాత్రమే రోగి. ఆ యొక్కరు కన్నులకు కనబడుదురు, పదునెనిమిదిమంది కనబడరు. జన్యువులో అధికభాగము దాగియున్నది ఆరోగ్యవంతులయందే.

ఇప్పుడు మలేరియా పూర్తిగా తొలగిపోయినదనుకొందము. కవచముతో పని లేదు. రోగులైన బిడ్డలందఱు పెండ్లియీడునకు రాకుండగనే మరణించిరని యనుకొన్నను, పదింట నొకవంతు ఇరువదింట నొకవంతగుటకు పది తరములు, అనగా ఇంచుమించు 250 సంవత్సరములు పట్టును. అన్ని సంవత్సరములును తల్లుల కడుపుకోత సాగుచునే యుండును. ప్రకృతి జల్లెడకు తొందర లేదు, జాలి లేదు. కావున ఈ పనిని దానికి విడిచిపెట్టి కూర్చుండరాదు.

పిడికెడు గింజల కథ

కాకతాళీయమునకు మన తెలుగు కుటుంబములలోనే మఱియొక దృష్టాంతము గలదు. శస్త్రచికిత్సకు మత్తిచ్చునప్పుడు కండరములు సడలుటకై సక్సినైల్‌కోలిన్ అను మందును వాడుట గలదు. సామాన్యులలో దాని ప్రభావము కొన్ని నిమిషములలో పోవును. కాని ఆ మందును విఱుగగొట్టు పదార్థము శరీరమున లోపించినవారికి, గడియలకొలది శ్వాస స్వయముగా ఆడదు. యంత్రముతో ఊపిరి నిలుపవలసివచ్చును. ఈ లోపము ఆర్యవైశ్యులలో ఇతరులలోకంటె మిక్కిలి యెక్కువ. దినదినజీవనమున దీనివలన ఏ బాధయు లేదు. ఆ సముదాయమునకు మూలపురుషులైన కొలదిమందిలో ఎవరియందో ఆ జన్యువు ఉండుటయు, వారి సంతతి తమలో తామే వివాహములు చేసికొనుటయు ఇందులకు కారణములు.

ఇది ఒక్క కులపు విశేషము గాదు. 2013లో ప్రకటింపబడిన యొక పరిశోధనము ప్రకారము, సుమారు 4,200 సంవత్సరములనుండి 1,900 సంవత్సరముల క్రితమువఱకు మన దేశమున భిన్నజనులు విస్తారముగా కలిసిపోయిరి. అటుపిమ్మట ఎవరి కట్టుబాటులలో వారుండి వివాహములాడుట స్థిరపడినది. హైదరాబాదు పరిశోధనాలయమువారైన కుమారస్వామి తంగరాజ్ ప్రభృతులు 2017లో ప్రకటించిన మఱియొక పరిశోధనమున, దక్షిణాసియాలోని 263 సముదాయములను పరీక్షింపగా, వానిలో 81 ఇట్టి కొలదిమంది పూర్వులనుండి గట్టిగా ముడిపడి వచ్చినవని తేలినది. అనగా, ఇంచుమించు ప్రతి కట్టుబాటులోను తనదైన దాగిన జన్యువు ఒకటి రెండు ఉండవచ్చును.

మేనరికములను గూర్చియు ఇక్కడనే చెప్పవలెను. మేనరికము క్రొత్త దోషమును పుట్టింపదు. దాగిన జన్యువులను రెండు ప్రక్కలనుండి ఒకచోటికి చేర్చును. అక్క కూతురును వివాహమాడినచో ఆ యవకాశము మేనత్త, మేనమామ బిడ్డల సంబంధములో కంటె రెండింతలు. కుటుంబమున ఒక వ్యాధి ముందే కనబడియున్నచో ఇట్టి సంబంధము నిశ్చయింపక పూర్వము వైద్యుని సలహా తప్పక పొందవలెను.

ఇల్లాండ్రు చేయదగినది

సోదరీమణులారా, మొదటి ప్రశ్నకు ఇప్పుడు ఉత్తరము చెప్పవచ్చును. కొడవలి కణ వ్యాధివంటి రోగముతో పుట్టిన బిడ్డకు, ఒక జన్యువు తల్లినుండియు, మఱియొకటి తండ్రినుండియు వచ్చి తీరవలెను. ఒక వంశపువారే కారణమనుటకు ఇందు తావే లేదు. తాము వాహకులమని తెలియని తల్లిదండ్రులయందు దోషము అసలే లేదు.

ఒక వాహకుడును, వాహకురాలు కానిదియు దంపతులైనచో, వారికి ఈ వ్యాధిగల బిడ్డ పుట్టదు. ఇద్దఱును వాహకులైనచో ప్రతి కాన్పునందును నాల్గింట నొకవంతు అవకాశము గలదు. మొదటి బిడ్డకు వ్యాధి వచ్చినది గనుక తరువాతి మువ్వురును క్షేమమని భావింపరాదు. ప్రతి కాన్పునకును ఆ లెక్క మొదటినుండి మొదలగును. ఇట్టి దంపతులు గర్భము ధరించిన తొలిమాసములలోనే వైద్యుని కలిసికొన్నచో, గర్భస్థ శిశువును పరీక్షించు మార్గములును గలవు.

మన ప్రభుత్వము 2023 జూలై 1వ తేదీని ఈ వ్యాధిని 2047 నాటికి నిర్మూలించు సంకల్పముతో నొక కార్యక్రమమును ప్రారంభించినది. నలువది యేండ్ల లోపువారగు ఏడుకోట్ల మందికి రక్తపరీక్ష చేయుట అందలి లక్ష్యము. వ్రేలినుండి తీసిన కొలది రక్తపు బొట్టులతోనే తొలిపరీక్ష జరుగును. వ్యాధి యున్నవారికి హైడ్రాక్సియూరియా అను మందువలన నొప్పులు తగ్గును. చాలినంత నీరు త్రాగుట, టీకాలు వేయించుకొనుట మేలు. 2023 చివర ఇంగ్లాండు, అమెరికా ప్రభుత్వములు జన్యువునే సరిదిద్దు చికిత్సకు అనుమతి యిచ్చినవి గాని, దాని వ్యయము సామాన్యుల కందునది గాదు.

వాహకులని తెలిసిన యువతీయువకులను వెలివేయుట, సంబంధము తప్పించుటకై గుసగుసలాడుట ఘోరమైన యన్యాయము. మనలో ఎవరి రక్తమున ఏమి దాగియున్నదో ఎవరికి తెలియును? పరీక్ష ఎవరికిని ముద్రవేయుటకు గాదు. ముందుగా తెలిసికొని జాగ్రత్తపడుటకు. పెండ్లిచూపులకు పూర్వము జాతకములు చూపించుకొను ఇండ్లలో, అబ్బాయికిని అమ్మాయికిని సమానముగా ఈ రక్తపరీక్షయు చేయించుట ఆచారమైనచో, ప్రకృతి వందలయేండ్లు బిడ్డలను బలిగొని చేయు పనిని మన యిల్లాండ్రు ఒకటి రెండు తరములలో కన్నీరు లేకుండ చేయగలరు. ఆశుపత్రికి శస్త్రచికిత్సకై పోవునప్పుడు, తమ బంధువులలో ఎవరికైన మత్తుమందు వికటించిన సంగతి తెలిసినచో, దానిని వైద్యునితో ముందే చెప్పుట మఱువరాదు. ఇంటి పెద్దల జబ్బులు, మరణకారణములు ఒక పుస్తకమున వ్రాసియుంచినచో, అది రాబోవు మనుమలకు మిక్కిలి యుపయోగపడును.