మిరప కల్లంలో పుట్టే విషం

కోతకు వచ్చిన పండు మిరపకాయ బరువులో సగానికి మించి నీరే ఉంటుంది. ఆ తేమ పది, పదకొండు శాతానికి దిగినప్పుడే కాయ నిల్వకు పనికివస్తుంది. గుంటూరు, ఖమ్మం ప్రాంతాల రైతులు కాయను కల్లంలో ఎండబెట్టే ఆ రోజుల్లోనే, తేమ, వెచ్చదనం రెండూ అందితే, ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పెరిగి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. తరువాత ఎండకు బూజు చచ్చినా, అది చేసిన విషం కాయలోనే నిలిచిపోతుంది.

ఈ విషం ఉనికి 1960లో ఇంగ్లాండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు అంతుచిక్కని వ్యాధితో చనిపోయినప్పుడు బయటపడింది; వాటికి దాణాగా పెట్టిన వేరుశనగ పిండికి బూజు పట్టి ఉందని పరిశోధకులు కనుగొన్నారు. అఫ్లాటాక్సిన్లలో బీ1 అనే రకం అత్యంత ప్రమాదకరమైనది. కాలేయంలోని ఎంజైములు దానిని మరింత చురుకైన రూపంలోకి మార్చగా, ఆ రూపం కణాల డీఎన్ఏకు అంటుకొని కాన్సర్‌కు దారితీస్తుంది. 1974లో రాజస్థాన్, గుజరాత్ గ్రామాల్లో బూజుపట్టిన మొక్కజొన్న తిని వంద మందికి పైగా మరణించినప్పుడు, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఆ ఘటనను పరిశోధించి ఈ విషమే కారణమని తేల్చారు. కారం తినేది కొద్దిగానే కాబట్టి అటువంటి హఠాన్మరణాల భయం తక్కువే. అయితే విషం ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా ఒంట్లోకి వెళ్ళడమే ఇక్కడి ముప్పు, హెపటైటిస్ బీ సోకినవారికి అది మరింత ఎక్కువ.

కాయను మట్టి నేల మీద పోస్తే మట్టిలోని బూజు బీజాలు అంటుకుంటాయి. పగలు ఆరిన కాయ రాత్రి మంచుకు మళ్ళీ తడుస్తుంది. మందంగా పోస్తే అడుగు పొర ఆరదు. కాయతొలుచు పురుగు చేసిన రంధ్రం బూజుకు దారి ఇస్తుంది. కాయ విరగకూడదనో, తూకం పెరగాలనో నీళ్ళు చల్లి బస్తాలకెత్తితే, అంతవరకూ ఎండబెట్టిన శ్రమంతా వృథా అవుతుంది.

పుట్టిన విషాన్ని తొలగించడం దాదాపు అసాధ్యం. అది రుచికీ వాసనకూ పట్టుబడదు, వంటింటి వేడికి పూర్తిగా నశించదు. పైకి ఎర్రగా ఉన్న కాయలో కూడా గింజల మధ్య బూజు ఉండవచ్చు. బస్తాలో కొన్ని కాయలకే విషం ఉండి, పరీక్షకు తీసిన నమూనాలో అవి రాకపోతే, సరుకు మంచిదనే తేలుతుంది. మరపట్టాక మాత్రం అది కారమంతటా కలిసిపోతుంది.

ఐరోపా సమాఖ్య ఎండుమిరపలో కిలోకు 10 మైక్రోగ్రాములకు మించి అఫ్లాటాక్సిన్లను అనుమతించదు. అంటే వంద టన్నుల సరుకులో ఒక్క గ్రాము. మసాలా దినుసులకు భారత ప్రమాణం 30 మైక్రోగ్రాములు. ఎగుమతికి పనికిరాని సరుకు ఇక్కడి చట్టాన్ని దాటకుండానే ఇక్కడి వంటిళ్ళకు చేరగలదు కనుక, ఇది కేవలం విదేశీ వ్యాపార సమస్య కాదు.

టార్పాలిన్ పట్టాల మీదనో సిమెంటు కల్లంలోనో కాయను పలచగా పరచడం, సాయంత్రం కప్పడం, తాలుకాయను ఏరివేయడం, తేమ కొలిచాకే బస్తాలకెత్తడం తెలిసిన జాగ్రత్తలే. శీతల గిడ్డంగి బూజు పెరుగుదలను ఆపగలదు గాని, అప్పటికే పుట్టిన విషాన్ని తీయలేదు. అయితే బాగా ఎండిన కాయ తూకంలో తగ్గుతుంది. ఆ నష్టాన్ని రైతు ఒక్కడే మోయాలనడం న్యాయం కాదు. పొడిగా, శుభ్రంగా వచ్చిన సరుకుకు మార్కెట్టు యార్డులో స్పష్టంగా ఎక్కువ ధర పలికినప్పుడే కల్లంలో తీసుకునే జాగ్రత్త రైతుకు లాభసాటి అవుతుంది, తినేవారికి రక్షణ అవుతుంది.