వేలంలో పేరు పిలవక ముందే కుర్రాణ్ని ఎలా తూకం వేస్తారు?

2022 ఫిబ్రవరి మొదటి వారం. అండర్-19 వరల్డ్ కప్ సెమీఫైనల్లో ఆస్ట్రేలియా మీద 94, ఫైనల్లో ఇంగ్లండ్ మీద 50 కొట్టిన గుంటూరు కుర్రాడు షేక్ రషీద్ గురించి ఆంధ్రాలో అందరూ మాట్లాడుకుంటున్నారు. జట్టుకి వైస్ కెప్టెన్ కూడా అతనే. టోర్నమెంట్ మధ్యలో కోవిడ్ వచ్చి, కోలుకుని ఆడిన ఆట అది. సరిగ్గా వారం తర్వాత బెంగళూరులో ఐపీఎల్ మెగా వేలం జరిగింది. అందులో రషీద్ పేరే లేదు.

ఆట తక్కువై కాదు. వేలానికి రావాలంటే 19 ఏళ్లు నిండాలి, లేదా కనీసం ఒక్క ఫస్ట్ క్లాస్ గానీ లిస్ట్-ఎ గానీ మ్యాచ్ ఆడి ఉండాలనేది అప్పటి రూలు. 2004 సెప్టెంబర్‌లో పుట్టిన రషీద్‌కి ఆ రెండూ లేవు. వేలం ముగిసిన రోజుల వ్యవధిలోనే ఆంధ్ర తరఫున రంజీ ఆడాడు! అదే ఏడాది డిసెంబర్‌లో కొచ్చి వేలంలో చెన్నై సూపర్ కింగ్స్ 20 లక్షలకు, అంటే కనీస ధరకే తీసుకుంది. మైదానంలోకి దిగింది మాత్రం 2025 ఏప్రిల్ 14న, లక్నో మీద. 19 బంతుల్లో 27 పరుగులు చేశాడు.

చోడవరం, మాడుగుల, అనకాపల్లి వైపు క్రికెట్ పిచ్చి ఉన్న పిల్లల ఇళ్లలో ఈ కథలో ఒక్క ముక్కే గుర్తుంటుంది: “వాడికి లక్షలొచ్చాయి.” ఆ లక్షలు రాకముందు ఎవరు చూస్తారు, ఏం చూస్తారు, ఎందుకు వదిలేస్తారు అన్నది తెలిస్తే ఇంట్లో నిర్ణయం కాస్త తెలివిగా ఉంటుంది.

అమెరికాలో బంధువులున్న వాళ్లు అక్కడి ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ గురించి వినే ఉంటారు. ఆ ఫుట్‌బాల్ మనం కాలితో ఆడేది కాదులెండి, చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. కాలేజీలో ఆడిన కుర్రాళ్లను ఇండియానాపొలిస్‌కి పిలిచి 40 గజాల పరుగు టైము కొలుస్తారు, బరువులెత్తిస్తారు, ఇంటర్వ్యూలు చేస్తారు. తర్వాత 32 జట్లు వరసగా ఎంచుకుంటాయి, కిందటేడు అట్టడుగున ఉన్న జట్టుకే ముందు అవకాశం. ఇన్ని కొలతలు కొలిచినా 2000 డ్రాఫ్ట్‌లో టామ్ బ్రాడీని 199వ నంబర్ దాకా ఎవరూ తీసుకోలేదు. తర్వాత అతను ఏడు సూపర్ బౌల్స్ గెలిచాడు.

మన దగ్గర కాలేజీ ఆటకి అంత బలం లేదు, వరస కూడా లేదు. ఉన్నది పాట. జిల్లా, రాష్ట్రం, అండర్-16, అండర్-19, అండర్-23, రంజీ... ఈ మెట్ల మీదే ఫ్రాంచైజీల మనుషులు కాపు కాస్తారు. టీ20 కాబట్టి సయ్యద్ ముష్తాక్ అలీ ట్రోఫీ మీద వాళ్ల కన్ను ఎక్కువ. బుమ్రాని ముంబై ఇండియన్స్ కోచ్ జాన్ రైట్ 2013లో పట్టుకుంది ఆ టోర్నమెంట్‌లోనే. ఇప్పుడు రాష్ట్ర లీగులు కూడా తోడయ్యాయి. 2022లో విశాఖలో మొదలైన ఆంధ్రా ప్రీమియర్ లీగ్ అలాంటిదే. దాని వల్ల జరిగిన మేలు ఏంటంటే, పిల్లాడు ఎలా ఆడాడో వీడియోలో దొరుకుతుంది. లేకపోతే స్కోరుబోర్డు మీద అంకె తప్ప ఇంకేం మిగలదు.

అంకె ఒక్కటే చాలదని చెప్పడానికి విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డే సాక్ష్యం. 2017-18 విజయ్ మర్చంట్ ట్రోఫీ, అంటే అండర్-16లో అతను 1,237 పరుగులు చేశాడు. నాగాలాండ్ మీద ఒకే ఇన్నింగ్స్‌లో 441. ఇంత చేసిన వాడిని ఐదేళ్ల తర్వాత సన్‌రైజర్స్ తీసుకున్నది ఎంతకి? 20 లక్షలకి. ఎందుకంటే చూసేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న “ఎన్ని కొట్టాడు” కాదు, “ఎవరి మీద కొట్టాడు, ఎంత వేగంగా కొట్టాడు, ఇంకేం చేయగలడు” అని. మీడియం పేస్ కూడా వేయగల భారతీయ బ్యాటర్లు అరుదు. 2024 ఐపీఎల్‌లో 303 పరుగులు చేసి ఎమర్జింగ్ ప్లేయర్ అయ్యాక అదే సన్‌రైజర్స్ 6 కోట్లకు అట్టిపెట్టుకుంది. ఆ డిసెంబర్‌లోనే మెల్‌బోర్న్ టెస్టులో 114 కొట్టాడు.

బౌలర్ల లెక్క వేరు. హైదరాబాద్ ఆటోడ్రైవర్ కొడుకు మహ్మద్ సిరాజ్ చాలాకాలం టెన్నిస్ బంతితోనే ఆడాడు. 2016-17 రంజీలో 41 వికెట్లు తీశాక, 20 లక్షల కనీస ధరతో వేలానికి వచ్చినవాణ్ని సన్‌రైజర్స్ 2 కోట్ల 60 లక్షలకు కొనుక్కుంది. అప్పటికి పెద్ద పేరేం లేదు. వేగం ఉంది, ఒక సీజన్ మొత్తం వేసే ఒంట్లో సత్తువ ఉంది. 2024 వేలంలో గుజరాత్ అతనికి పెట్టింది 12 కోట్ల 25 లక్షలు. రషీద్ 20 లక్షలకు, సిరాజ్ రెండున్నర కోట్ల పైన పోవడంలో ఒకరు గొప్ప, ఒకరు తక్కువ అన్న తీర్పు లేదు. ఆ రోజు ఆ హాల్లో రెండు జట్లకు ఒకే రకం ఆటగాడు కావాల్సి వస్తే ధర పెరుగుతుంది. ఒక్కరికే కావాల్సి వస్తే కనీస ధర దగ్గరే ఆగిపోతుంది. అంతే.

2024 నవంబర్‌లో సౌదీలోని జెద్దాలో జరిగిన మెగా వేలానికి 1,574 మంది పేర్లు నమోదు చేసుకున్నారు. తుది జాబితాకు చేరింది ఇంచుమించు మూడోవంతు. ఉన్న ఖాళీలు 204, అమ్ముడైంది 182 మంది. ఇందులో విదేశీయులు కూడా ఉన్నారు. శ్రీకాకుళం జిల్లా టెక్కలి స్పిన్నర్ త్రిపురాన విజయ్‌ని 30 లక్షలకు ఢిల్లీ తీసుకుంది. ఉత్తరాంధ్ర ఊళ్లకు దారి మూసుకుపోలేదు, కానీ ఇరుకు. ఇంటర్ మాన్పించి ఏడాదికి లక్షలు పోసి అకాడమీలో చేర్చే అబ్బాజాన్‌లు ఈ లెక్క ఒకసారి కాగితం మీద రాసి చూసుకోవాలి. చదువు, ఆట రెండూ నడిపించడం కష్టమే. అయినా పదహారేళ్లకే ఒకదాన్ని చంపేయడం తొందరపాటు.

డబ్బు కట్టే ముందు చూడాల్సింది పుట్టినతేదీ కాగితం. బర్త్ సర్టిఫికెట్‌లో ఒకటి, స్కూలు రికార్డులో ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి ఉండే ఇళ్లు మనలో తక్కువేం కాదు. అండర్-16 అబ్బాయిలకు బీసీసీఐ ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీయించి ఎముక వయసు చూస్తుంది, దాన్ని టీడబ్ల్యూ3 పరీక్ష అంటారు. వయసు దాచినట్టు తేలితే రెండేళ్లు నిషేధం. ఒక ఏడాది తగ్గించి రాయిద్దాం అని సలహా ఇచ్చేవాడు పిల్లాడికి శత్రువు కింద లెక్క.

ఇంకొకటి, “ఐపీఎల్‌లో పెట్టిస్తా, ఇంత ఇవ్వండి” అనేవాళ్లు. వేలానికి భారత ఆటగాళ్ల నమోదు రాష్ట్ర సంఘం ద్వారానే జరుగుతుంది. మధ్యలో దళారీకి చోటు లేదు. ఫ్రాంచైజీ ట్రయల్స్‌కి పిలిస్తే పిలుపు వాళ్ల నుంచే వస్తుంది, ఎంపిక చేస్తామని డబ్బు అడగరు.

వేలంలో మిగిలిపోయినవాళ్లకు సీజన్ మధ్యలో కూడా అవకాశం తగులుతుంది, ఎవరైనా గాయపడితే. జెద్దాలో ఎవరూ కొనని ముంబై కుర్రాడు ఆయుష్ మాత్రేని 2025 ఏప్రిల్‌లో, రుతురాజ్ గైక్వాడ్ గాయపడ్డాక, చెన్నై 30 లక్షలకు తీసుకుంది. మే 3న బెంగళూరు మీద అతను 94 కొట్టాడు. అప్పటికి అతని వయసు 17.