వెనుక వరుసలో పాడే బిడ్డ

బడిలో సంగీత నాటకం వేస్తున్నారని బిడ్డ వచ్చి చెప్పగానే, మన విశ్వాస కుటుంబాలలో రెండు మాటలు వినబడుతుంటాయి. ‘చదువు పాడవుతుంది’ అనేది ఒకటి, ‘మనకెందుకు ఈ ఆటపాటలు’ అనేది రెండవది. రెండూ బిడ్డ మేలు కోరి అనే మాటలే. అయితే, వద్దు అనే ముందు అందులో బిడ్డ ఏమి నేర్చుకుంటుందో ఆలోచించడం మంచిది.

యోసేపు చరిత్రనే తీసుకుందాం. ఆండ్రూ లాయిడ్ వెబర్ సంగీతం, టిమ్ రైస్ మాటలు సమకూర్చిన ‘జోసెఫ్ అండ్ ది అమేజింగ్ టెక్నికలర్ డ్రీమ్‌కోట్’ 1968 మార్చి 1న లండన్‌లోని కోలెట్ కోర్ట్ అనే బడిలో తొలిసారి ప్రదర్శించబడింది. అప్పుడది బడిపిల్లలు పాడిన సుమారు 15 నిమిషాల పాటల కూర్పు మాత్రమే. తరువాత పెద్ద రంగస్థలాలకు ఎదిగింది. నేటికీ ఎన్నో పాఠశాలలు దానిని ప్రదర్శిస్తున్నాయి.

అందులో యోసేపు ఒక్కడే, అన్నలు పదిమంది. అన్న పాత్ర దొరికిన పిల్లవాడు తమ్ముణ్ణి అమ్మివేసినవాడిగా నిలబడాలి. కరవు వచ్చాక ధాన్యం కోసం అతని యెదుటనే సాగిలపడాలి, చివరకు క్షమాపణ పొందాలి. ఆదికాండము 45వ అధ్యాయాన్ని సండే స్కూలులో ఎన్నిసార్లు విన్నా, తప్పు చేసినవాని స్థానంలో నిలబడితే కలిగే గ్రహింపు వేరు.

బృందంలో పాడే బిడ్డకు కూడా పాఠముంది. పక్కవారిని వినకుండా గొంతెత్తితే పాట చెడిపోతుంది. తాను ఒక్కరోజు అభ్యాసానికి రాకపోతే పదిమంది అడుగు తప్పుతారు. నలుగురిలో నోరు విప్పలేని బిడ్డ గుంపుతో కలిసి ధైర్యంగా పాడగలదు. నత్తి ఉన్నవారిలో చాలామంది పాడేటప్పుడు తడబడరు.

దేవాలయ సంగీత సేవకు ప్రవీణులైన గాయకులు 288 మంది ఉన్నారని మొదటి దినవృత్తాంతములు 25వ అధ్యాయం చెబుతుంది. పిన్న పెద్ద, గురువు శిష్యుడు అనే భేదం లేకుండా చీట్లు వేసి వారి వంతులు నిర్ణయించారు. మరి మన క్రిస్మస్ నాటికలలో మరియ పాత్ర ఏటేటా ఎవరి ఇంటి బిడ్డకు వెళుతోంది? కానుక ఎక్కువ ఇచ్చేవారి బిడ్డ ముందు వరుసలో, పేదవాని బిడ్డ ఎప్పుడూ తెర వెనుక ఉంటే, పిల్లలు మన ప్రసంగం కంటే ఆ వరుసనే ఎక్కువ జ్ఞాపకముంచుకుంటారు.

తల్లిదండ్రులారా, చదువు గురించిన మీ చింత న్యాయమైనదే. అభ్యాసం ఎన్ని గంటలో, పరీక్షలకు ఎన్ని రోజుల ముందు ముగుస్తుందో బడివారిని అడగండి. సాయంత్రం ఆలస్యమైతే పెద్దవారెవరైనా వెళ్లి తీసుకురండి. కథ మన విశ్వాసానికి తగినదో కాదో చదివి చూడండి. ఇవి సరిగా ఉంటే సంతోషంగా పంపండి.

ప్రదర్శన రోజున తప్పక వెళ్లండి. మీ బిడ్డ వెనుక వరుసలో ఉన్నా సరే. దేహంలో ప్రతి అవయవమూ అవసరమేనని పౌలు కొరింథీ సంఘానికి నేర్పిన సత్యాన్ని, ఆ వరుసలో నిలబడి ఆ బిడ్డ నేర్చుకుంటోంది.