టర్బో బండికి ఏ ప్రెషర్ సెన్సారు?

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ మీదుగా పోయే 40వ నంబరు జాతీయ రహదారి మీద టర్బో కార్లు బాగానే కనబడుతున్నాయి. ఐటీఐ, పాలిటెక్నిక్ చదివి మెకానిక్ షెడ్లలో చేరబోయే మన హాస్టల్ తమ్ముళ్ల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మామూలు ఇంజను గాలిని తానే పీల్చుకుంటుంది. టర్బో, పొగ వేగంతో తిరిగి, గాలిని నొక్కి లోపలికి పంపుతుంది. ఆ ఒత్తిడిని మ్యాప్ సెన్సారు కొలిచి, 5 వోల్టుల లోపు సంకేతంగా ఈసీయూకు అందిస్తుంది. దాన్నిబట్టే ఎంత పెట్రోలు పోయాలో ఈసీయూ లెక్కగడుతుంది.

ఈ సెన్సారు శూన్యం నుంచి కొలుస్తుంది. బయటి గాలి ఒత్తిడే సుమారు 1 బార్. కాబట్టి బూస్ట్ 1 బార్ అయితే సెన్సారు లెక్కలో 2 బార్లు. 2 బార్ల సెన్సారుకు అదే అంచు. కొంత వెసులుబాటుతో 2.5 లేదా 3 బార్లది వేయాలి. మరీ పెద్దదీ మంచిది కాదు. బంగారం త్రాసులో బియ్యం బస్తా తూగదు, బస్తాల కాటాలో గ్రాము బంగారం తేలదు.

హద్దు దాటితే అసలు ఒత్తిడి ఈసీయూకు తెలియదు. పెట్రోలు చాలదు, ఇంజను నాకింగ్ కొడుతుంది, పిస్టన్ కరిగిపోవచ్చు. అప్పుచేసి టాక్సీ కొన్నవాడికి అది కూటికే ఎసరు.

కంపెనీ అమరిక మార్చని బండికి అదే పార్టు నంబరు వేయండి. రేంజి మారిస్తే ఈసీయూలోనూ ఆ లెక్క మార్పించండి. బిగించాక ఇంజను స్టార్ట్ చేయకుండా కీ ఆన్ చేస్తే స్కానరులో సుమారు 100 కిలోపాస్కల్స్ కనబడాలి. అది చూసుకోకుండా బండి అప్పగించవద్దని మా మనవి.