కాన్పులో ప్రాణాపాయం జాతిని బట్టి ఎందుకు మారుతుంది?

మన కుటుంబాల్లో చాలామందికి అమెరికాలో కూతురో కోడలో ఉన్నారు. అక్కడ కాన్పంటే భయమే లేదని మనం అనుకుంటాం. అది అందరి విషయంలో నిజం కాదు. 2020లో అమెరికాలో పుట్టిన ప్రతి లక్ష మంది బిడ్డలకు నల్లజాతి తల్లులు 55 మంది చనిపోయారు. 2018-20 లెక్కల్లో ఆ సంఖ్య మన ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. అంత డబ్బు, అన్ని యంత్రాలు ఉన్న దేశంలో! 2023లో అక్కడి తెల్లజాతి తల్లుల్లో ఈ సంఖ్య 14.5 అయితే, నల్లజాతి తల్లుల్లో 50.3.

బి.పి., కాన్పు సమయంలో వచ్చే గుండె జబ్బు నల్లజాతి స్త్రీలలో ఎక్కువ. పేదరికం, ఇన్సూరెన్స్ లేకపోవడం కూడా కారణాలే. కానీ కాలేజీ చదువు పూర్తిచేసిన నల్లజాతి స్త్రీకి, హైస్కూలు కూడా పూర్తిచేయని తెల్లజాతి స్త్రీకన్నా ప్రమాదం ఎక్కువని 2019లో ప్రభుత్వ లెక్కలే చూపించాయి. చదువుతో తీరనిది ఇంకేదో ఉంది. రోగి మాట వినకపోవడం అందులో ఒకటి.

టెన్నిస్ క్రీడాకారిణి సెరెనా విలియమ్స్‌కు 2017లో సిజేరియన్ అయిన మరునాడు ఆయాసం వచ్చింది. అంతకుముందే ఒకసారి ఆమె ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టింది. అందుకే సంగతి గ్రహించి, స్కాన్ తీయమని, రక్తం పలచబరిచే మందు ఇవ్వమని అడిగారు. నొప్పి మందు వల్ల ఆమె తికమకపడుతున్నారని నర్సు అనుకుందట. ఆమె పట్టుబడితే చివరికి స్కాన్ తీశారు. గడ్డలు కనిపించాయి. నర్సుగా నాకు ఈ సంగతి చదివి బాధ కలిగింది. "నాకేదో తేడాగా ఉంది సిస్టర్" అని పేషెంటు అంటే, దాన్ని కూడా బి.పి. రీడింగ్‌లాగే చార్టులో రాయాలి.

కుటుంబ నియంత్రణలోనూ ఇలాంటి చరిత్రే ఉంది. 1961లో మిసిసిపీలో ఫ్యానీ లూ హేమర్ అనే కౌలు రైతు స్త్రీ గడ్డ తీయించుకోవడానికి వెళితే, ఆమెకు చెప్పకుండా గర్భసంచినే తీసేశారు. తరువాత ఆమె పౌరహక్కుల నాయకురాలయ్యారు. 1973లో అలబామాలో 14, 12 ఏళ్ల ఇద్దరు నల్లజాతి అక్కాచెల్లెళ్లకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేశారు. చదువురాని తల్లి, సూది మందు కోసమనుకుని కాగితం మీద ఇంటూ గుర్తు పెట్టింది. ఆ కేసు తరువాత నిబంధనలు వచ్చాయి. ప్రభుత్వ ఖర్చుతో ఆపరేషన్ చేయాలంటే 21 ఏళ్లు నిండాలి, సంతకానికీ ఆపరేషన్‌కూ మధ్య 30 రోజులు గడవాలి. మంచి నిబంధనే. అయితే కాన్పుతోపాటే ఆపరేషన్ కోరుకునే పేద స్త్రీకి ఇప్పుడు ఆ కాగితం సమయానికి లేకపోతే ఆపరేషన్ ఆగిపోతుంది. సొంత ఇన్సూరెన్స్ ఉన్నామెకు ఈ గడువు లేదు.

అమెరికాలో ఆసియావారిలో తల్లుల మరణాలు తక్కువే. అయినా గర్భంతో వచ్చే షుగర్ మన భారతీయ స్త్రీలలో ఎక్కువ, దాని పరీక్ష మానవద్దు. బ్రిటన్‌లో మాత్రం ఆసియా తల్లుల మరణాలు తెల్లవారికన్నా ఎక్కువగానే ఉన్నాయి.

కాన్పు సాయానికి విదేశాలకు వెళ్లే అమ్మలకు ఒక మాట. అమెరికాలో ఈ మరణాల్లో నూటికి 80కి పైగా ఆపగలిగినవేనని 2017-19 పరిశీలనలో తేలింది. సగానికి పైగా కాన్పయిన వారం తరువాత, ఏడాదిలోపు జరిగినవి. తగ్గని తలనొప్పి, కళ్లు మసకలు, ఆయాసం, ఛాతీనొప్పి, ఒక్క కాలే వాచి నొప్పిపెట్టడం, గంటలో ప్యాడ్ తడిసిపోయేంత రక్తస్రావం, జ్వరం కనిపిస్తే "బాలింతలకు మామూలే" అనకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఏ డాక్టరు వచ్చినా, ఫలానా తేదీన కాన్పయిందని ముందుగా చెప్పండి. అమెరికాలో మీకు ఇంగ్లీషు రాకపోతే తెలుగు దుబాసీ కావాలని అడగండి. దానికి డబ్బు కట్టనక్కరలేదు.